అప్ప ఉండిపోయిన దేశం

పోయిన వారం మినుముల కోసం వన్ టౌన్‌లో ఒక హోల్‌సేల్ కొట్టుకి వెళ్ళాను. మా వీధిలో ఇరుగూ పొరుగూ కలిసి ఒక బస్తా కొనుక్కుని పంచుకుంటాం. ఈసారి తెచ్చే వంతు నాది. కొట్టాయన గోనెసంచి మూతి విప్పి, గుప్పెడు గింజలు నా అరచేతిలో పోసి, "బర్మా సరుకమ్మా. నానబెట్టి రుబ్బితే దూదిలా పొంగుతాది. సూడు, గింజ ఎలాగుందో" అన్నాడు. నేను గింజల వైపు చూస్తూ అలాగే నిలబడిపోయాను. బేరం కుదరలేదనుకున్నాడు కాబోలు, ఆయనే ధర కాస్త తగ్గించాడు. కాసేపాగి ఇంకాస్త తగ్గించాడు. ఆటోవాళ్ళతో కూడా బేరమాడలేని మనిషిని నేను. నోరు విప్పలేకపోవడం వల్ల నాకు లాభం కలిగింది బహుశా ఆ ఒక్కసారే.

నేను నిజానికి బేరం గురించి ఆలోచించడం లేదు. మామ్మ గురించి ఆలోచిస్తున్నాను. మా నాన్న తల్లిని మేం మామ్మ అంటాం. ఆవిడ బర్మాలో పుట్టి, అక్కడే పెద్దమనిషి కాబోయే వయసు దాకా పెరిగి, ఓడెక్కి ఈ ఊరొచ్చింది. మేముండే చోటుని బర్మా క్యాంపు అంటారు. ఆ దేశం నుంచి తిరిగొచ్చిన తెలుగువాళ్ళకి ఒకప్పుడు కంచరపాలెం అవతల ఇక్కడ తలదాచుకునే చోటు చూపించారు. ఇప్పుడు ఆ పేరు ఒక ఆటో స్టాపు పేరు మాత్రమే. సాయంత్రాలు బండ్ల మీద కొబ్బరిపాలు పోసి అమ్మే బర్మా నూడుల్స్ ఎక్కడివని అడిగితే, మా వీధి పిల్లలు చైనావంటారు. వాళ్ళ తాతముత్తాతలు పొట్ట చేతబట్టుకుని సముద్రం దాటారనీ, రంగూన్‌ని రంగం చేసి, దాన్ని "రంగం పోవడం" అనేవారనీ, అక్కడ బర్మావాళ్ళు తెలుగువాళ్ళని కోరంగీలని పిలిచేవారనీ వాళ్ళకి తెలియదు. నాకూ చాలాకాలం అంతకన్నా ఎక్కువేం తెలియదు. తెలిసినదంతా ఒక్క వర్షాకాలంలో తెలిసింది.

అప్పుడు నేను గ్రూప్ టూ పరీక్షకి చదువుతూ మద్దిలపాలెంలో కోచింగ్‌కి వెళ్ళేదాన్ని. మా జాగ్రఫీ సార్ ఒక పద్ధతి పెట్టారు. ప్రతి ఒక్కరూ ఒక ఆగ్నేయాసియా దేశాన్ని తీసుకుని, దాని ఉనికి, ప్రజలు, ప్రభుత్వం గురించి క్లాసు ముందు నిలబడి పరిచయం చెయ్యాలి. చీటీలు తీస్తే నా పక్కనమ్మాయికి సింగపూర్ వచ్చింది. దానికి చెప్పుకోదగ్గ కొండల్లేవు, నదుల్లేవు, అదృష్టవంతురాలు. నాకు మయన్మార్ వచ్చింది. నలుగురిలో నిలబడి మాట్లాడాలంటే నాకు జ్వరం వస్తుంది. మాటవరసకి కాదు, నిజంగానే ఒళ్ళు వెచ్చబడుతుంది. మనుషులతో చెప్పలేనివన్నీ డైరీతో చెప్పుకోవడం అప్పటికే అలవాటు. కానీ డైరీ ముందు నిలబడి ప్రసంగం సాధన చెయ్యలేం కదా. అందుకని లైబ్రరీ నుంచి రెండు పుస్తకాలు, ఒక పాత అట్లాసు తెచ్చుకుని, వరండాలో మామ్మ ముందు నిలబడి చదవడం మొదలుపెట్టాను. మామ్మ గడప మీద కూర్చుని చింతపండులో గింజలు తీస్తూ వినేది. బయట వాన.

"మయన్మార్ ఆగ్నేయాసియా ప్రధాన భూభాగంలో అన్నిటికన్నా పెద్ద దేశం" అని మొదలుపెట్టాను.

"మయన్మారేటి? బర్మా అని సెప్పు."

"పేరు మార్చారు మామ్మా."

"ఎవులు మార్సినారు?"

"అక్కడి ప్రభుత్వం."

"సోల్జర్లా?"

అవునన్నాను. మామ్మ చింతపండు పీచు చేటలో పడేసి, "అలాగైతే నాను మార్సను" అంది.

కాబట్టి మా వరండాలో అది బర్మాగానే ఉండిపోయింది. ఉత్తరం నుంచి దక్షిణానికి సాగిన దేశం. పడమర మన ఈశాన్య రాష్ట్రాలు, బంగ్లాదేశ్. పైన చైనా. తూర్పున లావోస్, థాయ్‌లాండ్. నైరుతిన మన బంగాళాఖాతమే. దక్షిణాన అండమాన్ సముద్రం. అక్కడినుంచి థాయ్‌లాండ్‌ని ఆనుకుని సన్నటి తోకలాంటి నేల ఇంకా కిందికి సాగిపోతుంది. మూడు వైపులా కొండలు. ఆ కొండల మధ్య నదులన్నీ ఒకే దారి పట్టి దక్షిణానికి దిగుతాయి. దేశం నడుమ ఐరావతి, దాన్లో కలిసే చింద్విన్, వాటికి తూర్పున సిట్టాంగ్, ఇంకా తూర్పున చైనా నుంచి ఇరుకు లోయల్లో దూసుకొచ్చే సాల్వీన్. నడిమధ్య వాన తక్కువ పడే మెట్టనేల, కింద ఐరావతి పాయలు చీలిన చోట కనుచూపు మేర వరి. ఇదంతా నేను గుక్క తిప్పుకోకుండా చెప్పేసరికి మామ్మ విసుక్కుంది.

"ఆ ఐరావతీ గిరావతీ నానెరగను. మా ఏరు సాల్వీను. దాని పేరు ఆకర్న సెప్పినావేటి?"

మామ్మకి తెలిసిన బర్మా చాలా చిన్నది. సాల్వీన్ సముద్రంలో కలిసే చోట ఉన్న మౌల్మీన్ అనే ఊరు, ఆ ఊళ్ళో ఒక వీధి, ఆ వీధి చివర ఒక రేవు. అంతే. ఊరి వెనక పొడుగాటి కొండ, కొండ మీద వరసగా బంగారు గోపురాలు. ముందు నది, నది అవతల పెద్ద దీవి. దాని పేరు బిలూ దీవి, బిలూ అంటే రాక్షసుడు. అన్నం తిననని మారాం చేస్తే పడవెక్కించి బిలూగాడికి ఇచ్చేస్తానని వాళ్ళమ్మ బెదిరించేదట. "పెద్దయ్యాక ఓపాలి ఎల్లి సూసినాను. రాచ్చసులు లేరు, ఏటీ లేరు. పొలాలున్నాయి. మనలాగే వొరి కోత్తన్నారు" అని, అదేదో తనని మోసం చేసినట్టు చెప్పింది. వాళ్ళ నాన్న, అంటే మా ముత్తాత, శ్రీకాకుళం వైపు పల్లె నుంచి కూలికి వెళ్ళి, ఆ ఊరి బియ్యం మిల్లులో మేస్త్రీ దాకా ఎదిగాడు. వాన మొదలైతే అక్కడ నెలల తరబడి వదలదు. గోడలకి నాచు, దండెం మీద బట్టలకి బూజు. అందుకేనేమో, మా ఊరి వానని మామ్మ ఎప్పుడూ వానగా లెక్కపెట్టలేదు.

నేను అట్లాసు తెరిచి, విశాఖ దగ్గర స్కేలు పెట్టి, తూర్పుకి పెన్సిల్‌తో గీత గీశాను. సముద్రమంతా దాటుకుని ఆ గీత వెళ్ళి వెళ్ళి మౌల్మీన్‌కి కాస్త పైనుంచి పోయింది. మామ్మ కళ్ళజోడు తెప్పించుకుని ఆ గీతని చాలాసేపు చూసింది. "ఇంతేనేటి?" అంది. ఆ మాటలో ఉన్నది ఆశ్చర్యమో కోపమో నాకప్పుడు తెలియలేదు.

మర్నాడు ప్రజల గురించి చదివాను. ఆ దేశంలో లెక్కలేనన్ని జాతులు. నదీ మైదానాల్లో బర్మన్లు, తూర్పు పీఠభూమి మీద షాన్‌లు, థాయ్‌లాండ్ వైపు కొండల్లో కరెన్లు, ఉత్తరాన కచిన్‌లు, మన మిజోరం సరిహద్దున చిన్‌లు, పడమటి తీరాన రఖైన్‌లు, మౌల్మీన్ చుట్టుపక్కల మోన్‌లు. ఆ దేశంలో మొదట రాయడం, చదవడం నేర్చినవాళ్ళలో మోన్‌లు ఒకరనీ, బర్మా లిపి వాళ్ళ నుంచే వచ్చిందని చాలామంది అంటారనీ పుస్తకంలో ఉంది. ఎక్కువమంది బౌద్ధులు. మగపిల్లలు కొన్నాళ్ళయినా గుండు చేయించుకుని ఆరామంలో ఉండి రావాలి. మనలా వాళ్ళకి ఇంటిపేర్లుండవు. పుట్టిన వారాన్ని బట్టి పేరు పెడతారు. బుధవారాన్ని మాత్రం పొద్దున్న, మధ్యాహ్నం అని రెండుగా చీలుస్తారు కాబట్టి ఆ లెక్కన వారానికి ఎనిమిది రోజులు. ఇదంతా మామ్మకి నచ్చుతుందనుకుని ఉత్సాహంగా చదువుకుపోతున్నాను. తలెత్తి చూస్తే మామ్మ చేతులు చింతపండులోనే ఆగిపోయి ఉన్నాయి.

"మా అప్ప మోనోల్లలోనే ఉండిపోనాది" అంది.

మామ్మకి ఒక అక్క ఉందని నాకు అంతవరకు తెలియదు. నాన్నకి తెలుసట గానీ, చిన్నప్పుడే చనిపోయిందనుకున్నాడట. అలా అనుకోవడానికి కారణం ఉంది. ఆ కారణం నేను ప్రభుత్వం గురించి చదివిన రోజు బయటపడింది.

పుస్తకంలో ప్రభుత్వానికి ఇచ్చిన పేజీలు తక్కువ, మలుపులు ఎక్కువ. ఇంగ్లీషువాళ్ళ కింద కొంతకాలం మన దేశంలో భాగంగానే ఉంది. తర్వాత వేరుచేశారు. స్వతంత్రం వచ్చాక కొన్నేళ్ళు ఎన్నికలతో నడిచింది. ఆపైన సైన్యం పగ్గాలు పట్టుకుంది. మిల్లులు, దుకాణాలు సర్కారువి అయిపోయాయి. అక్కడ స్థిరపడిన మనవాళ్ళు లక్షల్లో ఓడలెక్కారు. తర్వాత సైన్యమే రాజధానిని రంగూన్ నుంచి తీసి, దేశం నడుమ నేపిడా అనే కొత్త ఊరు కట్టి అక్కడ పెట్టింది. పార్లమెంటులో రెండు సభలు, కానీ నాలుగో వంతు కుర్చీలు ఎన్నికల్లేకుండా సైన్యానికే రాసిపెట్టిన రాజ్యాంగం. ఆ రాజ్యాంగం కింద కొన్నాళ్ళు ఓట్లేసుకున్నారు, గెలిచినవాళ్ళు పాలించారు కూడా. మళ్ళీ ఒక రోజు తెల్లారేసరికి సైన్యం. నేను చదువుతున్న వర్షాకాలానికి అక్కడ ఊళ్ళకి ఊళ్ళు కాలుతున్నాయి, ఫోన్లు పనిచేస్తే చేస్తాయి, లేకపోతే లేదు.

మామ్మ చెప్పిన ప్రభుత్వం ఇంతకన్నా పొట్టిది. ఒక పొద్దున్న మిల్లు గేటుకి కొత్త బోర్డు కట్టారు. ముత్తాతని లోపలికి రానివ్వలేదు. కొన్ని నెలలకి ప్రయాణం ఖాయమైంది. అప్పటికి అప్ప ఎదిగిన పిల్ల. రేవులో పడవలు బాగుచేసే ఒక మోన్ కుర్రవాణ్ణి ఇష్టపడింది. వెళ్ళేరోజు మూట సర్దుకుని అందరితో పాటే రేవు దాకా వచ్చి, పడవ ఎక్కకుండా ఆగిపోయింది. "నాను రాను నానా" అంది. ముత్తాత కొట్టలేదు, అరవలేదట. "అలాగైతే నువ్వు సచ్చిపోనావనుకుంటాను. నేల దిగిన రోజే నీకు నీళ్ళొదిలేత్తాను" అన్నాడట. అన్నంత పనీ చేశాడు. విశాఖలో ఓడ దిగి, సామానింకా రేవులోనే ఉండగా, సముద్రపు ఒడ్డుకి వెళ్ళి, బతికున్న కూతురి పేరు చెప్పి నువ్వులతో నీళ్ళు వదిలాడు.

"ఆ సెంబు నాసేతే పట్టించినాడు" అంది మామ్మ. "పొయ్యవే అంటే పోసినాను. నాకేటి తెల్సు? అప్ప నిజంగానే సచ్చిపోనాదేమోననుకున్నాను."

నేను ఆ వారం కోచింగ్‌కి వెళ్ళలేదు. ఒంట్లో బాగోలేదని ఫోన్ చేశాను. నా మయన్మార్‌ని ఇంకెవరికో ఇచ్చేశారు.

నాన్న పోర్టులో క్రేన్ మీద పనిచేస్తాడు. మామ్మ మాట మా ఇంట్లో అందరికీ తెలిసిన కొన్నాళ్ళకి ఒక దుంగల ఓడ వచ్చింది. అందులో వంటమనిషి బర్మావాడు, మౌల్మీన్ దగ్గరివాడేనని తెలిసి, ఒడ్డుకి దిగే అనుమతి ఉన్న రోజు చూసుకుని నాన్న ఆయన్ని మధ్యాహ్నం భోజనానికి తీసుకొచ్చాడు. యాభై దాటిన మనిషి. చెప్పులు వీధి గుమ్మం బయట ఎంతో దూరంలో విడిచి, వంగి లోపలికొచ్చాడు. మామ్మ ఆయన్ని చూసి, ఎక్కడో నేల అడుగు నుంచి తవ్వి తీసినట్టు ఒక మాట అంది: "తమిన్ సా పీ బీ లా?" అన్నం తిన్నావా అని. అక్కడ పలకరింపు అదేనట. ఆయన నవ్వాపుకోలేకపోయాడు. ముసలావిడ నోట చిన్నపిల్ల మాట వినిపించిందని తర్వాత వచ్చీరాని హిందీలో నాన్నకి చెప్పాడు.

సంగతంతా విని ఆయన అప్ప పేరడిగాడు. మామ్మ ఇంటిపేరుతో సహా చెప్పింది. తండ్రి పేరు చెప్పింది, తాత పేరు చెప్పింది, శ్రీకాకుళంలో ఊరి పేరూ చెప్పింది. ఆయన ఓపిగ్గా తలూపి, అక్కడ ఇవేవీ పనికిరావు, పుట్టిన వారం చెప్పమన్నాడు.

"బుధారం" అంది మామ్మ. "మధ్యాన్నం దాటీసినాక. మా యమ్మ సెప్పేది, భోజనాలయ్యీకా నొప్పులొచ్చినాయని."

వారం, పడవల రేవు, మామ్మ వాళ్ళ వీధి దగ్గరున్న తెలుగువాళ్ళ రామకోవెల. ఈ మూడూ పట్టుకుని ఆయన ఓడెక్కాడు. మౌల్మీన్‌లో ఆయన బావమరిది కోవెల దగ్గర వాకబు చేశాడు. వానలు తగ్గుముఖం పట్టేవేళకి నాన్న ఫోన్‌కి ఒక ఫోటో వచ్చింది. తెల్లజుట్టు ముడి, బుగ్గల మీద అక్కడి ఆడవాళ్ళు రాసుకునే చెట్టుబెరడు గంధం, మామ్మ ముక్కు. "ముక్కు నాదే" అంది మామ్మ. ఆ రోజు అన్నం సరిగ్గా తినలేదు.

వీడియోలో మాట్లాడే రోజు ఖాయమైంది. మా ఆశ్వయుజ పున్నమి అది. వాళ్ళకీ పండగే, భిక్షువుల వర్షాకాలపు దీక్ష ముగిసే రోజు. మామ్మ కొత్త చీర కట్టుకుని పొద్దున్నే కూర్చుంది. ఫోన్ నేను పట్టుకున్నాను. అటువైపు ఎవరు పట్టుకున్నారో గానీ వాళ్ళకి సరిగ్గా పట్టుకోవడం తెలియదు. తెరమీద ముందు ఒక చెవి కనిపించింది, తర్వాత దూలం, తర్వాత పెద్దమామ్మ.

"సెల్లీ, నువ్వేనేటే?"

మామ్మ తలూపింది.

"అమ్మలాగైపోనావు" అంది పెద్దమామ్మ. "పళ్ళున్నాయా? నాకు లేవు."

"సగం ఉన్నాయి."

"సగం ఎక్కడున్నాయి, పైనా కిందా?"

అప్పుడు నవ్వారు ఇద్దరూ. పెద్దమామ్మ తెలుగు విని మేమంతా నివ్వెరపోయాం. మావన్నీ టీవీ తెలుగులు, సగం ఇంగ్లీషు. ఆవిడది ఎవరూ ముట్టుకోకుండా డబ్బాలో దాచినట్టున్న మాట. మామ్మ కూడా మర్చిపోయిన మాటలు అందులో ఉన్నాయి. ఇద్దరూ వంటల గురించి మాట్లాడుకున్నారు, మోకాళ్ళ గురించి మాట్లాడుకున్నారు. రేవు గురించి మాత్రం ఎవరూ ఎత్తలేదు. ఇంతలో అటు సందడయింది. ఇంట్లో భిక్షువులకి భోజనాలు పెట్టారట, ఒక్క నిమిషం ఉండమని పెద్దమామ్మ ఫోన్‌ని దేనికో ఆనించి వెళ్ళి, నేలమీద మోకాళ్ళు మడిచి కూర్చుంది. ఎవరో మంత్రం చదువుతున్నారు. పెద్దమామ్మ చిన్న కూజా ఎత్తి, ముందున్న గిన్నెలోకి చుక్క చుక్కగా నీళ్ళు వదలడం మొదలుపెట్టింది. పెదవులు కదులుతున్నాయి. మా ముత్తాత పేరు వినిపించింది. ముత్తవ్వ పేరు వినిపించింది. తర్వాత మామ్మ పేరు.

మామ్మ నా చేతిలోంచి ఫోన్ లాక్కుంది. "నాకు నీళ్ళొదుల్తన్నావేటే అప్పా? బతికున్నదాయికి? ఇందుకేటే నిన్ను ఎతికించుకున్నాను?" అని అరిచి, ఏ మీట నొక్కాలో తెలియక, ఫోన్‌ని దిండు కింద పెట్టి దాని మీద కూర్చుంది.

ఆ తర్వాత మా ఇంట్లో ఆ మాట ఎత్తితే మామ్మ లేచి వెళ్ళిపోయేది. "నాను పోసిన నీళ్ళు నాకు తిరిగొచ్చినాయి. బాకీ తీరిపోనాది, ఒగ్గీండి" అనేది. తను చేసిన పనికి అప్ప అంతకంతా చేసిందని ఆవిడ నమ్మకం. అందులో కోపం కన్నా ఒప్పుకోలు ఎక్కువగా ఉండేది. అదే నాకు భరించరానిదిగా ఉండేది. ఎందుకంటే నా దగ్గరున్న రెండో పుస్తకంలో, ఆచారాల గురించిన చోట, ఆ నీళ్ళ సంగతి ఉంది. దానం చేశాక అక్కడ నీళ్ళు చుక్కలుగా వదులుతారు. నేల సాక్షిగా ఉండాలని, వచ్చిన పుణ్యం పదిమందికీ పంచాలని. చనిపోయినవాళ్ళకీ పంచుతారు, బతికున్నవాళ్ళకీ పంచుతారు. మామ్మ అక్కడ పెరిగినా అది ఎన్నడూ చూడలేదు. భిక్షువులు వాళ్ళ వీధిన పోయేవారే గానీ కోరంగీల ఇళ్ళలోకి భోజనానికి వచ్చేవారు కాదు. పుస్తకం తెచ్చి చదివి వినిపించాను. మామ్మ గోడవైపు తిరిగి పడుకుంది. "నీళ్ళంటే నీళ్ళే. పుస్తకాలోల్లు ఎన్నయినా సెప్తారు. ఆళ్ళు సెంబు పట్టినారేటి?"

గ్యాస్ బుక్ చెయ్యడానికి కూడా అమ్మ చేత ఫోన్ చేయించేదాన్ని నేను. పెద్దమామ్మకి నేనే ఫోన్ చెయ్యాలని నిర్ణయించుకోవడానికి కొన్ని రోజులు పట్టింది. నిర్ణయించుకున్నాక లైను దొరకడానికి ఇంకొన్ని రోజులు పట్టింది. అటువైపు నెట్ కట్ చేశారని వంటాయన బావమరిది నాన్నకి ఎప్పుడో పంపిన మెసేజి ఆలస్యంగా వచ్చింది. రోజూ మధ్యాహ్నం అన్నాలయ్యాక వరండాలో కూర్చుని ప్రయత్నించేదాన్ని. ఒక రోజు కలిసింది. బొమ్మ లేదు, మాట మాత్రమే.

"పెద్దమామ్మా, నేను... మీ చెల్లి మనవరాల్ని" అన్నాను. అక్కడితో నాకు తెలిసిన మాటలన్నీ అయిపోయాయి.

"సెల్లికి ఏటైనాదే? అలాగ అరిసీసి ఎలిపోనాది? నానేటన్నాను?"

చెప్పాను. తడబడుతూ, ముందుది వెనకా వెనకది ముందూ చేసి, ఓడ దిగిన రోజు ముత్తాత ఏం చేశాడో, చెంబు ఎవరు పట్టుకున్నారో, మామ్మ ఏమనుకుందో అంతా చెప్పాను. లైను పోయిందనుకుని హలో హలో అన్నాను.

"ఉన్నాను" అంది పెద్దమామ్మ. "మా నాన్న అంటే అన్నాడు గానీ సెయ్యడనుకున్నాను. సేసీసినాడన్నమాట." మళ్ళీ తనే, "సెంబు దాని సేతికిచ్చినాడా? దానికెన్నేళ్ళే అప్పుడు, పాపం!" అంది.

"మరి మీరు వదిలిన నీళ్ళు..."

"ఒలమ్మా, ఇవి సావు నీళ్ళు కావే తల్లీ. పంపకం నీళ్ళు. ఇంట్లో కూరొండితే పక్కింటికి గిన్నెడు పంపమేటి? అలాగ. ఓడ ఎలిపోనాకా ఏటేటా పోత్తన్నాను. మా నాన్న పేరే ముందు. ఆ తరవాత అమ్మ, ఆ తరవాత సెల్లి. నాకొచ్చిన దాన్లో ఆళ్ళకి లేకుండా నానేదీ ఉంచుకోనేదు."

వెనక గాజుల చప్పుడైతే తిరిగి చూశాను. గుమ్మంలో మామ్మ నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో తెలియదు. ఫోన్ స్పీకర్లో ఉంది. మామ్మ వచ్చి నా పక్కన కూలబడి, ఫోన్‌ని దగ్గరికి లాక్కుని, మొదట చేసిన పని తిట్టడం.

"ముందో మాట సెప్పలేవేటే అప్పా? పండగపూట గుండాగి సచ్చీదాన్ని!"

"నువ్వు సెప్పనిచ్చినావేటే? సిన్నప్పుడూ అంతే, సగం ఇని పరిగెట్టీదానివి."

"నానే పోసినానే అప్పా. నా సేత్తోనే పోసినాను" అంది మామ్మ, గొంతు పూర్తిగా తగ్గించి.

"పోత్తే పోసినావు. నాను బతికే ఉన్నాను కదేటే" అంది పెద్దమామ్మ. "ఏడవకు. సార్జీ ఐపోతాది."

తర్వాత ఒక ఏడాదికి పైగా, అక్కడి సర్కారు దయతలచిన రోజుల్లో, నాన్న మామ్మకి కొనిచ్చిన ఫోన్‌లో వాళ్ళు మాట్లాడుకున్నారు. మామ్మ కొత్తగా తెలుసుకున్న ప్రభుత్వ సమాచారమంతా నాకు చేరవేసేది: బియ్యం ఎలా దొరుకుతున్నాయి, ఏ వైపు దారులు మూసేశారు, పక్క వీధి కుర్రవాళ్ళు సైన్యంలోకి పట్టుకుపోతారని అడవుల్లోకి ఎలా వెళ్ళిపోయారు. నా పుస్తకంలో అవి లేవు. రాజధాని రంగూన్ కాదంటే మాత్రం ఇద్దరూ చివరిదాకా ఒప్పుకోలేదు. మౌల్మీన్ వెళ్ళాలని మామ్మ ఒక్కసారి అంది. నాన్న వీసాల సంగతి కనుక్కున్నాడు. ఇప్పట్లో కాదన్నారు. మామ్మ మళ్ళీ అడగలేదు.

మామ్మ కిందటి చలికాలంలో పోయింది. బాధపడలేదు. మధ్యాహ్నం పడుకుని లేవలేదు, అంతే. పెద్దమామ్మకి చెప్పే పని ఎవరూ అడక్కుండానే నాదైంది. కానీ లైన్లు లేవు. చేశాను, మళ్ళీ చేశాను. వంటాయన ఓడ ఏ సముద్రం మీద ఉందో తెలియదు. ఇక్కడ పెద్దకర్మ అయింది, చుట్టాలు వెళ్ళిపోయారు, మామ్మ మంచం మడిచి పెట్టేశారు. ఆ తర్వాత చాలా రోజులకి, మామ్మ ఫోన్‌లో ఒక్కసారిగా చప్పుళ్ళు వచ్చాయి. మధ్యలో ఎప్పుడో సిగ్నల్ దొరికినప్పుడల్లా పెద్దమామ్మ పంపిన మాటలు, ఆగి ఆగి ఇప్పుడు చేరాయి. వరండాలో కూర్చుని ఒక్కొక్కటీ విన్నాను. "సెల్లీ, ఈవేళ ఏరు పొగమంచులో కనపడ్డంనేదే." "సెల్లీ, మోకాళ్ళకి నువ్వు సెప్పిన ఆవనూనె రాత్తన్నాను, బాగున్నాది." "సెల్లీ, పలకవేటే, కోపమొచ్చినాదా?"

గడియారం ప్రకారం ఆ దేశం మనకన్నా ఒక గంట ముందుంటుంది. పుస్తకాల్లో అలాగే ఉంది, పరీక్షలో అడిగినా అలాగే రాయాలి. కానీ ఆ చలికాలంలో కొన్ని వారాలు అది మనకన్నా చాలా వెనక ఉండిపోయింది, మా మామ్మ ఇంకా బతికే ఉన్న చోట. నేను ఫోన్ ఒళ్ళో పెట్టుకుని, నంబరు నొక్కకుండా, ఆ కాలాన్ని ఇంకొక్క పూట అలాగే ఉండనిచ్చాను.